అల లెక్క తెలిశాకే వల!

గోపాల్‌పూర్ (గంజాం జిల్లా, ఒడిశా):

తెల్లవారుజామున నాలుగు గంటలు. దీపస్తంభం వెలుగు తిరుగుతూ వచ్చి ఇసుక మీద పడి పోతోంది. ఫైబర్ పడవ పక్కన ఓ పాతికేళ్ల కుర్రాడు వల సర్దుతున్నాడు. సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. వెనక నుంచి ఓ చెయ్యి వచ్చి భుజం పట్టుకుని గిర్రున తిప్పింది.

''ఎన్నిసార్లు సెప్పాల్రా నీకు? గంగమ్మకి ఈపు సూపకూడదు. అలొచ్చి పడవని ఎత్తి నీ మీద ఏసిందనుకో... తిరిగి సూసీలోగా నడుం ఇరిగిపోద్ది!''

తిట్టింది డెబ్బై ఏళ్లు దాటిన తండేలు. తిట్లు తిన్నది ఆయన దగ్గర వేట నేర్చుకుంటున్న కుర్రాడు. వరసకు మనవడు. తాత తిట్టినందుకు కుర్రాడు నొచ్చుకోలేదు. వేటలో మొదటి పాఠం అదే మరి. పది నెలలైనా అది ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు.

పుట్టింది బెస్తల ఇంట్లో. పెరిగింది సముద్రపు హోరులో. అయినా ఇతను వేటకు కొత్తే. తండ్రి తన కష్టం కొడుక్కి వద్దనుకున్నాడు. ఒడియా మీడియం బడిలో చదివించాడు. ఇంటర్ అయ్యాక సూరత్ రైలెక్కించాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లే వేలాది మందిలో ఇతనూ ఒకడు. అయిదేళ్లు పన్నెండు గంటల షిఫ్టులు చేశాడు. ఆరోగ్యం పాడై నిరుడు జూన్‌లో ఇంటికొచ్చాడు. మళ్లీ వెళ్లలేదు. తండ్రి ఇప్పుడు లేడు. అమ్మ, చెల్లెలు ఉన్నారు. ''పేరు మాత్రం రాయకండి. సూరత్‌లో మా సేటు మళ్లీ పిలుస్తాడేమోనని అమ్మకు ఇంకా ఆశ'' అన్నాడు నవ్వుతూ. తాతకూ పేరుతో పనిలేదు. ఈ వాడలో అందరికీ ఆయన తండేలే.

తెప్ప నుంచి ఫైబర్ దాకా...

బరంపురం నుంచి గోపాల్‌పూర్ సుమారు 15 కిలోమీటర్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచిన కాలం అది. గీత గీసినప్పుడు నేల అటు పోయింది, ఇటు మిగిలింది. తీరంలో వేటాడే వాడబలిజ, జాలారి కుటుంబాలకు మాత్రం సముద్రం ఒక్కటే. గోపాల్‌పూర్ నుంచి పూరీ పెంటకోట దాకా ఒడియావాళ్లు 'నోలియా'లని పిలిచేది ఎక్కువగా ఈ తెలుగు కుటుంబాలనే. ఇళ్లలో తెలుగు, బజారులో ఒడియా.

తండేలు కుర్రతనంలో సముద్రం మీదికి వెళ్లింది తెప్ప మీద. దుంగలను తాళ్లతో కట్టిన తెప్ప మునగదు. అల మీదుగా వెళ్లిపోతే మళ్లీ తేలుతుంది. ఒడ్డుకు రాగానే తాళ్లు విప్పి దుంగలు ఆరబెట్టేవారు. తెప్ప మీద నేర్చుకోవడం తేలికని ఆయన అంటాడు. బోల్తా పడినా పట్టుకోవడానికి దుంగ ఉంటుంది. ఫైబర్ పడవ వచ్చాక దూరం పెరిగింది, మోటారు వచ్చింది, పెట్రోలు ఖర్చూ వచ్చింది. తప్పు చేస్తే పడే దెబ్బ కూడా పెద్దదైంది.

అందుకే మనవడు వచ్చిన కొత్తలో ఆయన పడవ ఎక్కనివ్వలేదు. జూన్, జులై, ఆగస్టు నెలల్లో నైరుతి గాలికి ఇక్కడ ఒడ్డు అలలు గోడల్లా లేస్తాయి. కొత్తవాడికి అది కాలం కాదు. ''ముందు కూకో. అలలు లెక్కెట్టు'' అన్నాడు.

కుర్రాడికి ఒళ్లు మండింది. సూరత్‌లో మొదటి రోజే మగ్గం మీద నిలబెట్టారు. ఇక్కడ తాత ఇసుకలో కూర్చోబెట్టాడు! వారం రోజులు అదే పని. పెద్ద అలలు ఒంటరిగా రావు, గుంపుగా వస్తాయి. గుంపు వెళ్లాక కాసేపు నీరు సద్దుకుంటుంది. పడవ దాటాల్సింది ఆ సందులోనే. ఒక గుంపులో ఎన్ని అలలొస్తాయో, సందు ఎంతసేపు ఉంటుందో రోజూ ఒకేలా ఉండదు. ఈరోజు లెక్క ఈరోజే కట్టుకోవాలి. అందుకే అనుభవమున్న తండేలు కూడా పడవ నెట్టే ముందు పావుగంట ఊరికే నిలబడి చూస్తాడు. సిగరెట్టు కాల్చుకుంటున్నాడని పర్యాటకులు అనుకుంటారు.

సందు దొరికిందా, ఇక ఆలోచన ఉండకూడదు. ముక్కు అలకు ఎదురుగా ఉండాలి. పడవ కాస్త పక్కకు తిరిగిందంటే అల దాన్ని దొర్లించేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఇంకా కష్టం. అల ముందు పరుగెత్తకూడదు. విరిగిన అల వీపు వెనకే రావాలి. నేల తగలబోతుండగా మోటారు పైకెత్తాలి. ఎత్తడం ముందైతే పడవకు ఊపు పోతుంది, ఆలస్యమైతే పంకా ఇసుకలో గుచ్చుకుంటుంది.

విసురువల బడి

అలల లెక్క అయ్యాక విసురువల ఇచ్చాడు. సముద్రం దగ్గర కాదు, వెనక ఉప్పుటేరు దగ్గర. దానికి ముందు రెండు వారాలు నీళ్లే లేవు. ఇసుకలో కర్రతో గుండ్రంగా గీత గీసి, వల ఆ గీత మీద పడాలన్నాడు.

విసురువల చూడ్డానికి తేలికే. గుండ్రని వల, అంచు చుట్టూ సీసపు గుళ్లు, నడిమిన తాడు. తాడు కొస ఎడమ మణికట్టుకు ఉచ్చు. వలలో కొంత ఎడమ మోచేతి మీద, కొంత కుడి చేతిలో పట్టుకుని, నడుం తిప్పి వదలాలి. కుర్రాడు చేతి బలంతో విసిరాడు. వల మూటలా వెళ్లి మూటలాగే పడింది. యాభైసార్లు విసిరితే యాభైసార్లూ అంతే. చూస్తున్న పిల్లలు ఒకటే నవ్వు. వాళ్లలో తొమ్మిదేళ్లవాడొకడు వల తీసుకుని విసిరితే అది పువ్వులా విచ్చుకుని గీత మీద పడింది. ఆ రోజు కుర్రాడు అన్నం తినలేదట.

''సేతితో ఇసరకురా. నడుంతో ఇసురు. సెయ్యి ఒదిలీడానికే'' అన్నాడు తాత. ఒక్క మాటే. అది శరీరానికి అర్థం కావడానికి పది రోజులు పట్టింది. పదకొండో రోజు వల విచ్చుకుంది. ఎందుకు విచ్చుకుందో ఇప్పటికీ చెప్పలేనంటాడు.

ఉప్పుటేటిలో వేశాక మరో తిప్పలు. చేప కనిపించిన చోట వేస్తే వల పడేసరికి అది ఉండదు. అది వెళ్తున్న వైపు, దానికన్నా ముందు వెయ్యాలి. నీడ నీళ్ల మీద పడకూడదు. గుళ్లు అడుగుకు చేరేదాకా తాడు లాగకూడదు. తొందరపడితే అంచు లేచి చేపలు కిందనుంచి జారిపోతాయి. మొదటిసారి పడింది నాలుగు రొయ్యలు, ఒక జెల్ల. జెల్లను చేత్తో పట్టుకున్నాడు. దాని వీపు మీద, రెక్కల దగ్గర ఉండే ముళ్లు విషపు ముళ్లు. అరచేతిలో దిగింది. తాత ఇంటికి తీసుకెళ్లి, కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి పెట్టించాడు. నొప్పి తగ్గడానికి ఆసుపత్రుల్లోనూ మొదట చేసేది అదే. సాయంత్రం దాకా కుర్రాడు మూలుగుతూనే ఉన్నాడు. అమ్మ మాత్రం మాట్లాడలేదు. వేడి నీళ్లు మార్చి మార్చి పోసింది. ''నీళ్ల పని వద్దనే కదా సదివించాం'' అన్న మాట రాత్రి ఎప్పుడో వచ్చిందట.

ఖైంగానా? కొయ్యంగా?

వల కన్నా మాటలు కష్టమయ్యాయి. ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పడవ మీది తెలుగు వేరు. ఇతను చేపల పేర్లు నేర్చుకున్నది బజారులో, ఒడియాలో. చందువను 'చాందీ' అనేవాడు, పులసను 'ఇలిషీ' అనేవాడు. చిలికలో పేరుపడ్డ 'ఖైంగా'ను తాత 'కొయ్యంగ' అంటే, తప్పుగా పలుకుతున్నాడేమో అనుకున్నాడు!

పేరేదైతేనేం అనిపించవచ్చు. ఒడ్డున అయితే నిజమే, కొనేవాళ్లకు ఏ భాషైనా ఒకటే. పడవ మీద అలా కాదు. కవళ్లకు వేసే వల వేరు, కానాగంతలకు వేసేది వేరు, కోనేనికి వేసేది వేరు. వల కన్ను ఎంత పెద్దదో చేపను బట్టి ఉంటుంది. చీకట్లో ''ఆ వల అందుకో'' అంటే ఏ వలో తెలియాలి. ఉత్తరం నుంచి చలిని మోసుకొచ్చే ఈదర, తెల్లవారుజామున ఒడ్డు మీంచి సముద్రం మీదికి వీచే కొండగాలి, దక్షిణం నుంచి వచ్చే పైరగాలి... ఇతనికి ఇవన్నీ ఒకటే 'పవనం'. తండేలు పేరు పలికేది గాలి మారిందని చెప్పడానికి. పేరు తెలియనివాడికి మారిన సంగతే తెలియదు.

ఇంకో చిక్కుంది. ఈ మాటలు వీళ్ల దగ్గర రాసి లేవు. తండేలుకు చదువు రాదు. కుర్రాడికి చదువొచ్చు గానీ తెలుగు అక్షరాలు రావు. ఈ పేజీలో తమ గురించి ఏం రాశారో ఇద్దరికీ ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే. తాత చెప్పిన మాటల్ని అతను ఒడియా లిపిలో ఓ నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఇప్పటికి ఇరవై పేజీలు దాటాయి. పుస్తకం తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పడవలోనే ఉంచుతాడు.

మీటర్లను బారలు చేసి...

దసరా వెళ్లాక పడవ ఎక్కనిచ్చాడు. తుపానుల కాలమే అయినా, తుపాను లేని రోజుల్లో సముద్రం అప్పుడు మెత్తగా ఉంటుంది. మొదటి నెల పని ఒక్కటే: పడవలోకి చేరిన నీళ్లు తోడిపోయడం. ఆ నెలంతా వాంతులే.

ఒకరోజు సెల్‌ఫోనుకు మెసేజ్ వచ్చింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ పంపేది. సముద్రం పైనీటి వేడిని, నీటిలో నాచు రంగును ఉపగ్రహాల నుంచి చూసి చేపలు చేరే అవకాశమున్న చోట్లు చెబుతారు. రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరం, ఎంత లోతు అన్నవి తెలుగు, ఒడియా సహా తీర భాషల్లో వస్తాయి. కుర్రాడు గబగబా చదివాడు. ''లోతు 40 మీటర్లు తాతా.''

''మీటర్లు నాకెందుకురా? ఎన్ని బారలు?''

రెండు చేతులూ చాపితే ఒక బార, దాదాపు ఆరడుగులు. కుర్రాడు లెక్క వేసి ఇరవై రెండని చెప్పాడు. తాత కాసేపు ఆలోచించి, ''అక్కడ బురద నేల. ఈదర తగ్గాక గులివిందలు ఉంటాయి. ఎల్దాం'' అన్నాడు. వెళ్లారు. సీసపు గుండు తాడుతో దించి బారలు లెక్కపెట్టారు. గుండుకు బురదే అంటుకొచ్చింది. ఆ రోజు వేట ఓ మోస్తరు. అప్పటి నుంచి మెసేజ్ చదవడం కుర్రాడి పని, అది నమ్మాలో వద్దో చెప్పడం తాత పని. నేర్చుకునేవాడు నేర్పేవాడికి ఏదో ఒకటి ఇవ్వగలిగిన రోజు అదే మొదటిది. ఆ రోజు గురించి చెప్పేటప్పుడు కుర్రాడి గొంతు కాస్త పెరుగుతుంది.

చోట్ల గుర్తులు మాత్రం ఫోనులో లేవు, తాత తలలో ఉన్నాయి. దీపస్తంభం, దాని వెనక పడమటి కొండల్లో ఒక కొమ్ము ఒకే గీతలోకి రావాలి. అదే సమయంలో దక్షిణాన మరో రెండు గుర్తులు కలవాలి. రెండు గీతలు కలిసినచోట వల. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటిన ఫైలిన్ తుపానుకు తీరం రూపే మారింది. గుర్తులుగా పెట్టుకున్న చెట్లు పడిపోయాయి. ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయన్నది పేపర్లలో వచ్చింది గానీ, తండేళ్లకు చిరునామాలు పోయాయన్నది ఎక్కడా రాలేదు. తర్వాత ఆయన గుర్తులు కొత్తగా కట్టుకున్నాడు. చెట్టు పోయిన చోట సెల్ టవరు వచ్చింది.

తనకు బాగా పండిన చోట్లు మూడున్నాయని తండేలు చెబుతాడు. మనవడికి ఇప్పటిదాకా ఒకటే చూపించాడు. ''జీపీఎస్‌లో కొట్టుకుంటానంటాడు. బేటరీ అయిపోతే ఏటి సేస్తాడు? ముందు కంటితో కట్టమను'' అంటాడు. కంటితో కట్టడం నేర్పాలన్నది నిజమే. మూడూ ఒకేసారి ఇచ్చేస్తే మనవడు మరో పడవకు వెళ్లిపోతాడన్న భయమూ ఉందేమో. కొడుకులిద్దరూ చెన్నై మర పడవల మీద ఉన్నారు. ఈ గుర్తులు అడిగినవాడు ఇతనొక్కడే.

ఉత్తరం వైపు ఋషికుల్య ముఖం దిక్కుకు ఆయన పడవ తిప్పడు. అక్కడ తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం. 2025 ఫిబ్రవరిలో ఆ ఇసుకలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఏడు నెలల నిషేధం చిన్న పడవల వాళ్లకు భారమే, ఆ మాట వాడలో ఎవరినడిగినా చెబుతారు. అయినా వలలో తాబేలు పడితే వల కోసైనా వదిలెయ్యాలన్నది కుర్రాడికి తాత పెట్టిన నియమం. వల ఖరీదు ఎంతో తెలిసినవాడు ఆ మాట అంటే బరువు వేరు.

గాలి లేదు... అయినా వద్దు!

రెండు వారాల క్రితం జరిగిందిది. ఆకాశం నిర్మలం. ఆకు కదలడం లేదు. ముందురోజు పక్క పడవలకు వేట బాగా పడింది. కుర్రాడు మూడున్నరకే వచ్చి వల ఎక్కించాడు. తాత వచ్చి నీళ్ల అంచున నిలబడ్డాడు. పావుగంట అయింది. అరగంట అయింది.

''ఇయ్యాల ఒద్దు'' అన్నాడు.

ఇంట్లో చెల్లెలి కాలేజీ ఫీజు కట్టాల్సిన వారం అది. నేర్చుకునేవాడు కాబట్టి ఈ పడవలో ఇతనికి అర వాటా. పెట్రోలు ఖర్చు తీసి, పడవకూ వలకూ భాగం తీసి, మిగిలింది మనుషులు పంచుకుంటే అందులో సగం. అదీ పోతోంది. కుర్రాడు మొదటిసారి ఎదురు మాట్లాడాడు. ''గాలి లేదు, మబ్బు లేదు. భయమైతే ఇంట్లో పడుకో తాతా. నేను వేరే పడవలో పోతాను.''

తాత కోప్పడలేదు. చెయ్యి పట్టుకుని నీళ్ల అంచుకు లాక్కెళ్లి, ''లెక్కెట్టు'' అన్నాడు.

అల విరిగింది. నీరు వెనక్కి వెళ్లింది. మామూలుగా తగ్గే చోటు దాటి ఇంకా వెనక్కి వెళ్లింది. తర్వాతి అల ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు చప్పుడు తక్కువ, బరువు ఎక్కువ. రెండలల మధ్య ఎడం రోజూ ఉండేదానికి రెట్టింపు. దూరంగా, హిందూ మహాసముద్రానికి దక్షిణాన ఎక్కడో లేచిన తుపానుగాలికి పుట్టిన ఉబ్బు రోజుల తరబడి ప్రయాణం చేసి ఇలా ప్రశాంతమైన తీరానికి వచ్చి తగులుతుంది. ఇన్‌కాయిస్ ఇలాంటివాటికీ హెచ్చరికలు ఇస్తుంది. తండేలుకు దక్షిణ మహాసముద్రం సంగతి తెలియదు. ఎడం తెలుసు.

కుర్రాడు ఒడ్డునే ఉండిపోయాడు. ఏడు గంటలకల్లా ఒడ్డు అలలు పడవలు పెట్టిన చోటికి ఎక్కి వచ్చాయి. వాడంతా కలిసి పడవల్ని పైకి లాగాల్సి వచ్చింది. అంతకుముందే వెళ్లిన పడవ ఒకటి తిరిగొస్తూ పక్కకు తిరిగి బోల్తా పడింది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు. మోటారు పోయింది, వలలు పోయాయి. నీళ్లలోకి దిగి వాళ్లను అందుకున్నవాళ్లలో కుర్రాడూ ఉన్నాడు. అలకు ముఖం పెట్టే నిలబడ్డాడట. తాత అది గమనించాడు గానీ ఏమీ అనలేదు.

సాయంత్రం ఆయన వాళ్లింటికి వచ్చాడు. కాలేజీ ఫీజుకు కొంత డబ్బు కుర్రాడి అమ్మ చేతిలో పెట్టాడు. ''వాటాలో పట్టుకుంటాన్లే అమ్మా'' అన్నాడు. ఆమె తీసుకుంది. సూరత్ ఊసు ఆ రోజు రాలేదు.

ఏప్రిల్ 15 వస్తోంది. తూర్పు తీరంలో మర పడవల వేటకు జూన్ 14 దాకా 61 రోజుల విరామం. తండేలు కూడా ఆ రోజుల్లో పడవ ఒడ్డుకెక్కించి వలలు బాగుచేసుకుంటాడు. చిరిగిన కన్ను అల్లడం మనవడికి అప్పుడు నేర్పుతానంటున్నాడు. వానల తర్వాత నుంచి పూర్తి వాటా ఇస్తానని మాట ఇచ్చాడు. రెండో చోటు ఎప్పుడు చూపిస్తావని కుర్రాడు అడిగితే మాత్రం మాట దాటేస్తున్నాడు.

ఈలోగా మిగిలిన కొద్ది రోజులూ వేట. ఇవాళ సందు కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డారు. కొండగాలి సన్నగా వీస్తోంది. ఈసారి తాత లెక్కపెట్టడం లేదు. మనవడి నోటి వైపు చూస్తున్నాడు. అయిదో అల విరిగింది. ఆరోది చిన్నది.

''తోయండి!'' అన్నాడు కుర్రాడు.